లా స్కూల్లో సీనియర్ ప్రొఫెసర్ చేసే పని ఏమిటి? కోర్టుకి వెళ్ళని మాస్టారి మాట కోర్టు దాకా ఎలా వెళ్తుంది?

లా చదవాలనుకునే పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఒక్క కేసు కూడా వాదించని ప్రొఫెసర్ మా అమ్మాయికి లా ఏం నేర్పుతారండీ? ఏదో ఒక డిగ్రీ తెచ్చుకుని, పెద్ద లాయర్ గారి దగ్గర జూనియర్‌గా చేరిపోతే సరిపోదా?" అని.

అడగాల్సిన ప్రశ్నే. నేను ముప్పై ఏళ్ళకు పైగా లా పాఠాలు చెప్పినవాణ్ణి. కాబట్టి మా వాళ్ళని వెనకేసుకొస్తానని మీకు అనిపించవచ్చు. అందుకని ఈ ఎపిసోడ్‌లో పొగడ్తలు పక్కన పెట్టేద్దాం. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చేయాల్సిన పని ఏంటి, ఆ పని నిజంగా చేసినప్పుడు మనకేం దక్కింది, చేయకపోతే ఏం పోతుంది, ఈ మూడు సంగతులూ చూద్దాం.

ముందుగా హోదాల గొడవ తేల్చేద్దాం. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆ పైన అసోసియేట్ ప్రొఫెసర్, ఆ పైన ప్రొఫెసర్. యూజీసీ 2018 నిబంధనల్లో వీటన్నిటి పైన సీనియర్ ప్రొఫెసర్ అని ఇంకో మెట్టు కూడా ఉంది. దానికి ప్రొఫెసర్‌గా కనీసం పదేళ్ళు పనిచేసి ఉండాలి. డీన్, హెడ్, ప్రిన్సిపాల్ అనేవి వేరు. అవి పరిపాలన బాధ్యతలు, ఇవాళ ఉంటాయి, రేపు ఇంకొకరికి వెళ్తాయి. నేను ఈ రోజు మాట్లాడేది ఆ కుర్చీల గురించి కాదు. ఇరవై, ముప్పై ఏళ్ళుగా చట్టం చదువుతూ, చెబుతూ, రాస్తూ ఉన్న మనిషి గురించి.

అదే నిబంధనల్లో ఇంకో లెక్క చూడండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. ప్రొఫెసర్ 14 గంటలు చెప్పాలి. అంటే తేడా ఎంత? రెండు గంటలే. పెద్దవారయ్యాక క్లాసుకి వెళ్ళక్కర్లేదని ఏ నిబంధనా చెప్పలేదు. కానీ చాలా చోట్ల జరిగేదేంటంటే, సీనియర్లు పీజీ క్లాసులు, మీటింగులు చూసుకుంటారు. మొదటి సంవత్సరం పిల్లల్ని కొత్తగా చేరిన వాళ్ళకి అప్పగిస్తారు. నా అభిప్రాయంలో ఇది తలకిందులు వ్యవహారం. పునాది వేసేటప్పుడు పెద్ద మేస్త్రీ ఉండాలి. గోడలకి సున్నం వేసేటప్పుడు ఎవరున్నా నడుస్తుంది.

ఎందుకంటున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. మొదటి సంవత్సరం క్లాసులో నేను వేసే ప్రశ్న ఇది. రాత్రిపూట సందులో ఒకడు కత్తి చూపించి "పర్సు ఇయ్యి" అన్నాడు. మీరు ఇచ్చేశారు. అరవలేదు, పెనుగులాడలేదు, మీ ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. పర్సు మీ చేత్తోనే తీసి ఇచ్చారు. మరి మీరు ఒప్పుకుని ఇచ్చినట్టేనా? పిల్లలందరూ నవ్వుతారు. "అదేంటి సార్, భయపడి ఇచ్చాం కదా" అంటారు. అప్పుడు పుస్తకం తెరిపిస్తాను. పాత శిక్షాస్మృతి, అంటే ఇండియన్ పీనల్ కోడ్‌లో 90వ సెక్షన్. దెబ్బ తగులుతుందన్న భయంతో ఇచ్చిన అనుమతి అనుమతి కాదు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. అంతే పాఠం. పదిహేను నిమిషాలు పడుతుంది. కానీ ఈ చిన్న తేడా దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దగ్గరే జారిపోయిన సందర్భం ఒకటుంది. దాన్ని పట్టుకుని అడిగింది ఎవరో తెలుసా? లాయర్లు కాదు, లా మాస్టార్లు.

ఆ కథ మీరు వినాలి. 1972 మార్చి 26. మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్. ఇంట్లో గొడవ మీద అన్న పెట్టిన ఫిర్యాదు కారణంగా ఒక ఆదివాసీ అమ్మాయి స్టేషన్‌కి వచ్చింది. వయసు పద్నాలుగు, పదహారు మధ్య. వాంగ్మూలాలు అయిపోయాక మిగతా వాళ్ళని పంపించేసి, ఆ అమ్మాయిని మాత్రం లోపల ఉంచారు. ఇద్దరు కానిస్టేబుళ్ళ మీద కేసు పడింది. దాన్నే మథుర కేసు అంటాం. సెషన్స్ కోర్టు 1974లో కొట్టేసింది. బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ నిర్దోషులని వదిలేసింది. కారణం? ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన ఆనవాళ్ళు లేవు, అరిచినట్టు లేదు. కాబట్టి ఇష్టం లేకుండా జరిగిందని చెప్పలేం అన్నారు.

ఇందాక నేను చెప్పిన పర్సు ఉదాహరణ గుర్తు చేసుకోండి.

ఆ తీర్పు లా రిపోర్టుల్లో అచ్చయింది. అక్కడితో అయిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది తర్వాత, 1979 సెప్టెంబరు 16న, నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి ఒక బహిరంగ లేఖ రాశారు. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్. ఇందులో లోతికా సర్కార్ గారు ఢిల్లీ యూనివర్సిటీలో న్యాయశాస్త్రం బోధించిన తొలి మహిళ. బక్షి గారు అప్పటికే ఢిల్లీ లా ఫ్యాకల్టీకి డీన్‌గా పనిచేసిన మనిషి. అంటే ఇద్దరూ ఆ రంగంలో పెద్దవాళ్ళే.

ఆ లేఖలో తిట్లు లేవండీ. అందులో ఉన్నది వాదన. ఒప్పుకోవడంలో లొంగుబాటు ఉండవచ్చు కానీ లొంగిన ప్రతిచోటా ఒప్పుకోలు ఉన్నట్టు కాదు కదా అని అడిగారు. ఠాణాలో, పోలీసుల మధ్య చిక్కుకున్న పేద ఆదివాసీ పిల్ల అరవలేదంటే దానర్థం ఏంటని అడిగారు. ఇంకో మాట కూడా గుర్తు చేశారు. అదే 1978లో నందినీ శతపథి కేసులో, ఆడవాళ్ళని పోలీస్ స్టేషన్‌కి పిలిపించడం తప్పని ఇదే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఒక మాజీ ముఖ్యమంత్రి విషయంలో కనిపించిన ఆ తప్పు, ఈ పిల్ల విషయంలో ఎందుకు కనిపించలేదు? చూశారా, ఇది ఉద్రేకంతో వేసిన ప్రశ్న కాదు. రెండు తీర్పులు పక్కపక్కన పెట్టుకుని చదివిన వాళ్ళు మాత్రమే వేయగలిగిన ప్రశ్న. ప్రొఫెసర్ పనంటే అదీ.

తర్వాత ఏమైంది? 1980 మొదట్లో లేఖ పత్రికల్లోకి వచ్చింది. మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. మార్చి 8న పలు నగరాల్లో ఊరేగింపులు జరిగాయి. మన హైదరాబాద్‌లో అప్పటికే గాయం పచ్చిగా ఉంది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద జరిగిన అఘాయిత్యం నగరాన్ని కుదిపేసింది కదా. ఈ కోపాలన్నీ కలిసి, లా కమిషన్ నివేదిక కూడా తోడై, చివరికి 1983లో క్రిమినల్ చట్ట సవరణ వచ్చింది. కస్టడీలో జరిగే అత్యాచారం ప్రత్యేక నేరం అయింది, దానికి కనీసం పదేళ్ళ శిక్ష పెట్టారు. సాక్ష్య చట్టంలో 114ఎ చేరింది. అంటే కస్టడీలో శారీరక సంబంధం జరిగినట్టు రుజువై, నాకిష్టం లేదని ఆ స్త్రీ కోర్టులో చెబితే, ఇష్టం లేదనే కోర్టు భావించాలి. కాదని రుజువు చేసుకునే భారం నిందితుడిది. బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. 2024 జూలై నుంచి చట్టాల పేర్లు మారాయి గానీ ఈ రక్షణలు కొత్త చట్టాల్లోనూ ఉన్నాయి.

ఇక్కడ అతిశయోక్తి వద్దు. చట్టాన్ని మార్చింది ఆ నలుగురు మాత్రమే కాదు. వీధుల్లో నడిచిన ఆడవాళ్ళు మార్చారు. ఇంకో చేదు నిజం, ఆ అమ్మాయి కేసులో తీర్పు మారలేదు. కానీ లేఖ లేకపోతే ఆ తీర్పు లైబ్రరీ అరల్లోనే ఉండిపోయేది. దుమ్ము దులిపి బయటికి తెచ్చింది మాస్టార్లు.

మరి లాయర్లు ఆ పని ఎందుకు చేయలేదు? లాయర్లని తప్పు పట్టడం కాదు. లాయర్‌కి క్లయింట్ ఉంటాడు, క్లయింటుకి పనికొచ్చే మాటే మాట్లాడాలి. రేపు పొద్దున అదే జడ్జి గారి ముందు నిలబడాలి కూడా. జడ్జికి తన ముందున్న ఫైలే ప్రపంచం. మంత్రికి పార్టీ ఉంటుంది. కోర్టు చెప్పింది సరైనదా కాదా అని, ఎవరి తరఫునా కాకుండా, తీరిగ్గా కూర్చుని పరిశీలించడానికి సమాజం జీతమిచ్చి నియమించిన మనిషి ఒక్క ప్రొఫెసర్ మాత్రమే. పూర్తికాలం జీతం తీసుకునే లా టీచర్ లాయర్‌గా ప్రాక్టీస్ చేయకూడదన్న నియమాన్ని చాలామంది లోపంగా చూస్తారు. నేను మాత్రం అందులో ఒక లాభం చూస్తాను, ఆయనకి క్లయింట్ ఉండడు. కోర్టు అనుభవం పిల్లలకి అందాలంటే దానికీ దారి ఉంది. ప్రాక్టీసులో ఉన్న అడ్వకేట్లు రోజుకి మూడు గంటల దాకా లా పాఠాలు చెప్పవచ్చని 1979 నుంచే కేంద్ర ప్రభుత్వ నియమం ఉంది. ఇద్దరూ కావాలి. ఒకరి బదులు ఇంకొకరు కాదు.

మథుర కేసులో తీర్పు వచ్చాక ప్రశ్న పుట్టింది. ఒక్కోసారి ప్రశ్నే ముందు పుడుతుంది, తీర్పు ఎన్నో ఏళ్ళకి వస్తుంది. దానికీ ఒక ఉదాహరణ చెబుతాను, ఇది మన తెలుగువాళ్ళకి సంబంధం ఉన్నది.

1965 ఫిబ్రవరిలో జర్మనీలోని హైడెల్‌బెర్గ్ యూనివర్సిటీ నుంచి డీట్రిష్ కాన్రాడ్ అనే ప్రొఫెసర్ వచ్చి, బనారస్ హిందూ యూనివర్సిటీ లా ఫ్యాకల్టీలో ఉపన్యాసం ఇచ్చారు. విషయం, రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి హద్దులున్నాయా అని. మన రాజ్యాంగంలో అలాంటి హద్దులు రాసి లేవు. ఆయన అడిగిన ప్రశ్నలు చూడండి. మూడింట రెండొంతుల మెజారిటీ ఉంది కదా అని, దేశాన్ని రెండు ముక్కలు చేసేలా సవరణ చేయవచ్చా? ప్రాణానికి, స్వేచ్ఛకి రక్షణనిచ్చే 21వ అధికరణాన్ని తీసేయవచ్చా? సవరణ అధికారాన్ని వాడి రాజ్యాంగాన్నే రద్దు చేసి మళ్ళీ మొగల్ చక్రవర్తినో, బ్రిటిష్ కిరీటాన్నో తెచ్చి కూర్చోబెట్టవచ్చా? అప్పట్లో వినేవాళ్ళకి ఇవి గాల్లో లెక్కలలాగే అనిపించి ఉంటాయి. కానీ ఆయన వచ్చింది జర్మనీ నుంచి. మెజారిటీని అడ్డం పెట్టుకుని ఒక రాజ్యాంగాన్ని లోపలినుంచి ఎలా ఖాళీ చేయవచ్చో ఆ దేశం హిట్లర్ కాలంలో చూసేసింది. అందుకే యుద్ధం తర్వాత వాళ్ళు రాసుకున్న రాజ్యాంగంలో కొన్ని మూల సూత్రాలని ఎవ్వరూ ముట్టుకోకూడదని పెట్టుకున్నారు.

ఈ ఉపన్యాసంలోని ఆలోచన ప్రసిద్ధ న్యాయవాది ఎం.కె. నంబియార్ దాకా వెళ్ళింది. గోలక్‌నాథ్ కేసులో ఆయన దాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టారు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి ఎవరు? రాజమండ్రిలో పుట్టిన మన కోకా సుబ్బారావు గారు. 1967లో వచ్చిన ఆ తీర్పులో, ఈ వాదనలో బలముంది అంటూనే, ఇప్పుడు తేల్చాల్సిన అవసరం లేదని పక్కన పెట్టారు. ఆరేళ్ళు గడిచాయి. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వచ్చింది. పదమూడు మంది జడ్జీలు, ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని ఏడుగురు తేల్చారు. జస్టిస్ ఖన్నా తన తీర్పులో కాన్రాడ్ గారిని పేరుపెట్టి ప్రస్తావించారు. ఆ ఏడుగురిలో మన జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి గారు కూడా ఉన్నారు. ఆయన తర్వాత ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా కూడా పనిచేశారు.

ఒక క్లాస్‌రూమ్ ప్రశ్న ఎనిమిదేళ్ళకి దేశానికి రక్షణ కవచం అయింది. ఆ రోజు ఎవరైనా "ఈ ఉపన్యాసం వల్ల ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి?" అని అడిగి ఉంటే జవాబు సున్నా.

ఇవి పైకి కనిపించే పనులు. కనిపించనివి ఇంకా చాలా ఉన్నాయి, త్వరత్వరగా చెప్పేస్తాను. సిలబస్ రాసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చునేది వీళ్ళే. ఒక్క ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది దాకా పీహెచ్‌డీ చేయవచ్చు. అంటే రేపటి లా టీచర్లు తయారయ్యేది వీళ్ళ చేతుల్లోనే. లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, అంటే పేదలకి పిల్లలు ఉచితంగా న్యాయ సహాయం చేసే కేంద్రం. ప్రతి లా కాలేజీలో అది ఉండాలి, సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణలో నడవాలి అని బార్ కౌన్సిల్ 2008 నిబంధనలే చెబుతున్నాయి. జూనియర్‌కి కాకుండా సీనియర్‌కే ఎందుకు? అక్కడికొచ్చే మనిషి సమస్య నిజం కాబట్టి. భూమి కాగితం పట్టుకుని వచ్చిన రైతుకి తప్పుడు సలహా ఇస్తే పరీక్షలో మార్కులు తగ్గడం కాదు, ఎకరం పోతుంది. నేను చూసిన ఒక కాలేజీలో క్లినిక్ బోర్డు నిగనిగలాడుతూ ఉండేది, తలుపుకి మాత్రం ఎప్పుడూ తాళమే. బోర్డు తనిఖీ కోసం, తాళం మిగతా రోజుల కోసం.

సంస్థలు కట్టడం ఇంకో పని. ఎన్.ఆర్. మాధవ మీనన్ గారు ఢిల్లీ యూనివర్సిటీలో ప్రొఫెసర్. బెంగళూరులో నేషనల్ లా స్కూల్ పెట్టడానికి ఆయన వెళ్ళినప్పుడు, లా అంటే ఏ సీటూ రానివాళ్ళు చదివే చదువు అన్న చిన్నచూపు ఉండేది. 1988లో మొదటి బ్యాచ్ మొదలైంది. ఇంటర్ అయిన పిల్లలకి ఐదేళ్ళ కోర్సు, నోట్సు చెప్పి రాయించడం కాకుండా తీర్పులు చదివించి చర్చ పెట్టడం. పన్నెండేళ్ళు అక్కడ నిలబడ్డారు. ఆ నమూనా పట్టుకునే మనకి 1998లో హైదరాబాద్‌లో నల్సార్ వచ్చింది, తర్వాత 2008లో విశాఖ లా యూనివర్సిటీ వచ్చింది. ఈ రోజు పిల్లలు క్లాట్ కోసం రాత్రింబవళ్ళు చదువుతున్నారంటే దాని వెనక ఆయన లాంటి మాస్టార్ల చేయి ఉంది.

ఇంత చెప్పాక ఒక వింత కూడా చెప్పాలి. సుప్రీంకోర్టు జడ్జిగా ఎవరిని వేయవచ్చో మన రాజ్యాంగం 124వ అధికరణంలో ఉంది. హైకోర్టు జడ్జీలు, అనుభవమున్న హైకోర్టు అడ్వకేట్లు, వాళ్ళతో పాటు విశిష్ట న్యాయశాస్త్రవేత్త అని కూడా రాసి పెట్టారు. మాస్టార్లకి ఆ తలుపు 1950 నుంచీ తెరిచే ఉంది. ఇప్పటిదాకా ఆ తలుపులోంచి ఒక్కరు కూడా లోపలికి వెళ్ళలేదు. అదే అంతర్జాతీయ న్యాయస్థానం నిబంధనావళి చూస్తే, 38వ అధికరణంలో, చట్టం ఏమిటో తేల్చుకోవడానికి గొప్ప న్యాయ పండితుల రచనలు కూడా చూడవచ్చని స్పష్టంగా ఉంది.

సరే, ఇక అసలు బెంగ. ఈ పనులన్నీ చేయాలంటే మాస్టారికి రెండు కావాలి. టైమ్, భద్రత. ఈ నెల మాట్లాడితే వచ్చే నెల ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాయగలడా? పర్మనెంట్ పోస్టులు ఖాళీగా పెట్టి, గంటకింత అని గెస్ట్ ఫ్యాకల్టీతో నడిపే చోట పాఠం జరగొచ్చు. వాళ్ళలో అద్భుతంగా చెప్పేవాళ్ళు నాకు తెలుసు. కానీ వాళ్ళు నోరు విప్పాలంటే వాళ్ళ ముందు ఒక పెద్ద నిలబడాలి. ఒకచోట మా తోటి యువ అధ్యాపకురాలు ఒక తీర్పు మీద విమర్శ రాస్తే, పైనుంచి "అది వెనక్కి తీసుకోండమ్మా, మనకెందుకు" అన్నారు. మా సీనియర్ మేడమ్ గారు లేచి, "ఆ వ్యాసం తప్పయితే జవాబు రాద్దాం. తప్పు కాకపోతే కదిలించేది లేదు" అన్నారు. వ్యాసం నిలిచింది. ఆవిడ ఆ రోజు చేసింది ఏ ఉద్యోగ నియమావళిలోనూ కనబడదు. కానీ సీనియర్ అనే మాటకి అర్థం అక్కడుంది. నిజం చెప్పాలంటే, భద్రత పూర్తిగా ఉండి కూడా ముప్పై ఏళ్ళు ఒక్క ప్రశ్న వేయకుండా రిటైరైన వాళ్ళూ ఉన్నారు. కుర్చీ అవకాశం ఇస్తుంది, ధైర్యం ఇవ్వదు.

కాబట్టి తల్లిదండ్రులకీ, పిల్లలకీ నా సలహా ఇది. కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు భవనం, ఏసీ మూట్ కోర్ట్ హాల్, ప్లేస్‌మెంట్ బ్రోచర్ చూడండి, వద్దనను. ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు అడగండి. మొదటి సంవత్సరం క్లాసులకి సీనియర్ ప్రొఫెసర్లు వస్తారా? పర్మనెంట్ అధ్యాపకులు ఎంతమంది? ఈ మధ్య మీ వాళ్ళు ఏ తీర్పు మీద, ఏ చట్టం మీద ఏం రాశారు? లీగల్ ఎయిడ్ క్లినిక్ ఏ రోజుల్లో తెరుస్తారు, పోయిన వారం ఎవరొచ్చారు? జవాబు చెప్పేటప్పుడు వాళ్ళ ముఖాలు చూడండి, మీకే తెలిసిపోతుంది.

లాయర్ దగ్గర జూనియర్‌గా చేరితే సరిపోదా అన్న ప్రశ్నకి నా జవాబు కూడా ఇదే. కేసు ఎలా నడపాలో సీనియర్ లాయర్ గారు నేర్పుతారు, అది తప్పకుండా నేర్చుకోవాలి. చట్టం ఇలా ఎందుకు ఉంది, ఇలాగే ఉండాలా అని అడగడం మాత్రం క్లాసులోనే మొదలవుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఒక కోర్టు తీర్పుని లా చదవని వాళ్ళు కూడా ఎలా చదవొచ్చో, ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం. అంతవరకు సెలవు. నమస్కారం.